క్రిస్మస్ అంటే ఇష్టమే, డిసెంబరు అంటేనే భయం

డిసెంబరు_దిగులు
ముందే చెబుతున్నాను, నేను విశ్వాసినే. అర్ధరాత్రి ఆరాధన, పాటలు, కొవ్వొత్తులు, లూకా సువార్త రెండో అధ్యాయం చదివేటప్పుడు అందరూ నిశ్శబ్దమయ్యే ఆ నిమిషం, ఇవన్నీ నాకు ప్రాణం. నా భయమంతా వాటి చుట్టూ పేరుకున్న మిగతా వ్యవహారం గురించే. నవంబరు సగానికి వచ్చేసరికి ఫోనులో ఒక జాబితా మొదలవుతుంది. ఎవరికి ఏమి కొనాలి, పోయినసారి వారు మనకు ఏమి ఇచ్చారు, అది ఎంత ఖరీదు చేస్తుంది, మనం ఇచ్చేది దానికి తగ్గకుండా ఉందా లేదా. మా ఆడపడుచు మా అబ్బాయికి ఖరీదైన బొమ్మ కొంటుంది. కాబట్టి ఆమె పిల్లలిద్దరికీ నేను అదే స్థాయిలో కొనాలి. జనవరి వచ్చేసరికి అవన్నీ మంచం కింద దుమ్ము పట్టి ఉంటాయి. ఇది ఆమెకూ భారమేనని నా అనుమానం. కానీ ముందుగా నోరు విప్పేది ఎవరు?

దానికి తోడు పండుగ ఎవరి ఇంట్లో అనే పంచాయితీ. అత్తగారింట్లో ఉంటే ఫోనులో మా అమ్మ గొంతు మారిపోతుంది. అమ్మ దగ్గరికి వెళితే అత్తగారు వేసవి దాకా ఆ మాట ఎత్తుతూనే ఉంటారు. రెండు చోట్లా కనిపించాలంటే పండుగంతా ప్రయాణంలోనే సరిపోతుంది.

బంధుత్వాలు చెడకుండా దీన్ని తగ్గించుకున్నవారు ఎవరైనా ఉన్నారా? ఇంట్లో ఎలా చెప్పారు? "ప్రార్థన చేయండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నది తప్ప ఏ సలహా అయినా సరే.

గంటల_మోత
నేను రాయబోయిన సమాధానం మీరే కొట్టేశారు. ఇక సెలవు.

లెక్కల_మాస్టారు
మీ బాధకు అర్థశాస్త్రంలో ఒక లెక్క ఉంది. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థులను రెండు ప్రశ్నలు అడిగాడు. మీకు వచ్చిన క్రిస్మస్ కానుకలు ఎంత ఖరీదు ఉంటాయనుకుంటున్నారు? అవే మీ సొంత డబ్బుతో కొనాల్సివస్తే ఎంత పెడతారు? రెండో అంకె మొదటిదానికన్నా తక్కువ వచ్చింది. కానుక విలువలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఎవరికీ చెందకుండా ఆవిరైపోతోందని తేల్చాడు. స్నేహితులు ఇచ్చినవాటిలో నష్టం తక్కువ. తాతయ్యలు, అమ్మమ్మలు, అత్తలు, మామయ్యలు ఇచ్చినవాటిలో ఎక్కువ. పాపం వారికి ఈ తరం అభిరుచులు ఎలా తెలుస్తాయి? అందుకే కాబోలు, వస్తువు బదులు డబ్బు చేతిలో పెట్టేవారిలోనూ ఆ పెద్దలే ఎక్కువ.

తోడికోడలు_రెండు
మాస్టారూ, ఆ లెక్కలో ఆప్యాయతకు ఎన్ని మార్కులు వేశాడు?

లెక్కల_మాస్టారు
సున్నా. మనసుకు సంబంధించిన విలువను పక్కన పెట్టి చెప్పమనే అడిగాడు.

తోడికోడలు_రెండు
అయితే ఆ లెక్క తప్పుల తడక. మా నాన్న ఇచ్చిన కళ్ళజోడు పెట్టె నాకు ఎందుకూ పనికిరాదు, నాకు చూపు బాగానే ఉంది. అయినా దాన్ని ఎవరికీ ఇవ్వను. డబ్బు ఇచ్చి ఉంటే ఆ వారంలోనే ఖర్చయిపోయేది.

వెలుగుల_వెర్రి
తోడికోడలు గారితో ఏకీభవిస్తున్నాను. ఏటా ఈ వేదికలో ఇదే ఏడుపు. వ్యాపారం, ఆడంబరం, అసలు భక్తి ఎక్కడికి పోయింది అంటూ. ఇష్టం లేనివారు మానేయవచ్చు కదా. నాకు దీపాలు ఇష్టం, చెట్టు ఇష్టం, మెరిసే కాగితం చించడం ఇష్టం. ఏడాదంతా ఉద్యోగం, బిల్లులు, జ్వరాలు. ఒక్క నెల తళుకులు ఉంటే ఎవరి సొమ్ము పోయింది?

కొట్టు_వెనక
నా సొమ్ము పోలేదు గానీ నా చెవులు పోయాయి. నేను బట్టల దుకాణంలో గల్లాపెట్టె దగ్గర పని చేస్తాను. నవంబరు మొదటి వారం నుంచి అవే పాటలు, అదే వరుసలో, రోజంతా తిరుగుతుంటాయి. గంటల శబ్దంతో మొదలయ్యే పాట వచ్చిందంటే మధ్యాహ్నం భోజనానికి ఇంకా ఎంతసేపుందో గడియారం చూడకుండానే చెప్పగలను. పండుగ రోజు మా ఇంట్లో ఎవరైనా పాట పెడితే నేను బయటికి వెళ్ళిపోతాను. మా అమ్మ దాన్ని భక్తి తగ్గడం అనుకుంటోంది.

పండుగ ముందురోజు సాయంత్రం వచ్చేవారి ముఖాలు చూడాలి. "ఏదో ఒకటి ఇవ్వండి, ఈ ధరలో ఉంటే చాలు" అంటారు. ఎవరికి అని అడిగితే ఒక్క క్షణం ఆలోచించి "మా వదినకు" అంటారు. ఆ ఒక్క క్షణంలో మాస్టారు చెప్పిన పరిశోధన మొత్తం కనిపిస్తుంది.

పాత_పుటలు
కొట్టు_వెనక గారూ, మీకోసం ఒక పాత సంగతి. "క్రిస్మస్ కొనుగోళ్ళు ముందుగానే చేసుకోండి" అనే ప్రచారం ఇప్పుడు అమ్మకాల కేకలా వినిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఆ మాటను గట్టిగా ప్రచారం చేసినవారిలో ఫ్లోరెన్స్ కెల్లీ వంటి కార్మిక హక్కుల పోరాటకారులు ఉన్నారు. చివరి రోజుల్లో దుకాణాల్లో అర్ధరాత్రి దాకా నిలబడే ఆడపిల్లలు, పొట్లాలు మోసే చిన్నపిల్లలు పడే అవస్థ చూడలేక, కొనేవారిని ముందుగా రమ్మన్నారు. ఆ తరువాత వ్యాపారులు ఆ నినాదాన్ని హాయిగా సొంతం చేసుకున్నారు.

ఇంకొకటి. 1912లో న్యూయార్క్‌లో పనికిరాని కానుకల నివారణకంటూ ఒక సంఘమే పుట్టింది. దుకాణాల్లో పని చేసే అమ్మాయిలు తమ పైఅధికారులకు పండుగ కానుక కోసం చందాలు వేసుకోక తప్పని పరిస్థితి మీద తిరుగుబాటు అది. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా అందులో చేరాడు. కాబట్టి ఇది "ఏటా ఇదే ఏడుపు" మాత్రమే కాదు వెలుగుల_వెర్రి గారూ, నూరేళ్ళు దాటిన ఏడుపు.

వెలుగుల_వెర్రి
నూరేళ్ళు ఏడ్చినా పండుగ ఆగలేదంటే నా వాదనే గెలిచినట్టు.

పాత_పుటలు
ఆపిన సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లండులో ప్యూరిటన్ల (బైబిల్లో లేని ఆచారాలు వద్దనే కఠిన ప్రొటెస్టంట్ల) పార్లమెంటు 1647లో క్రిస్మస్‌ను రద్దు చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్ వలసలో 1659 నుంచి 1681 దాకా పండుగ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా. అదీ దైవభక్తులైన క్రైస్తవులు పెట్టిందే, బైబిల్లో ఆ తేదీ లేదు కదా అని. కాంటర్‌బరీలో 1647 పండుగ రోజున దుకాణాలు తెరవాలని మేయరు ఆదేశిస్తే కొందరు తెరిచారు. జనం ఆ దుకాణాల మీద పడి సరుకులు వీధిలో పారేశారు. పండుగ రోజు దుకాణం తెరిచి ఉందని దొమ్మీ చేసిన కాలం అది.

కొట్టు_వెనక
ఆ జనం ఇప్పుడు ఎక్కడ దొరుకుతారు?

పాస్టరుగారి_అమ్మాయి
మా ఇంట్లో డిసెంబరు ఎలా ఉంటుందో చెబితే మీ ఇళ్ళన్నీ స్వర్గంలా అనిపిస్తాయి. నాన్నకు రోజూ ఏదో ఒక కార్యక్రమం. పిల్లల నాటిక, యువత పాటలు, ఇంటింటి సందర్శన. పండుగ రోజు సాయంత్రానికి ఆయన గొంతు పోయి సైగలతో మాట్లాడతారు. పండుగ మధ్యాహ్నం మా కుటుంబం కలిసి కూర్చుని మాట్లాడిన జ్ఞాపకం నాకు లేదు. శాంతిని ప్రకటించే పనిలో మా ఇంట్లో శాంతి మిగలదు.

అయితే డిసెంబరు_దిగులు గారు తీసిన విషయంలో నాకు ఒకటి తోస్తుంది. సంఘ క్యాలెండరు ప్రకారం పండుగకు ముందు నాలుగు ఆదివారాలు ఎదురుచూపు కాలం. తూర్పు ఆర్థోడాక్స్ సంఘాల్లో అయితే ఏకంగా నలభై రోజుల ఉపవాసం. క్రిస్మస్ మొదలయ్యేది 25న, పన్నెండు రోజులు సాగి జనవరి 6న ఎపిఫనీకి, అంటే జ్ఞానుల రాకను తలచుకునే పండుగకు అందుకుంటుంది. దుకాణాల క్యాలెండరు దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ నవంబరులో మొదలై 25తో ముగుస్తుంది, 26న తగ్గింపు ధరల అమ్మకాలు. మేము ఈ మధ్య బంధువుల కలయికలను 25 తరువాత రోజుల్లోకి జరిపాము. "ఇది కూడా క్రిస్మసే" అని నాన్న చెబితే ఎవరూ కాదనలేకపోయారు. పాస్టరు నోటితో వచ్చింది కదా.

అటూ_ఇటూ
ఈ జనవరి 6 ఆలోచన బాగుంది. అర్మేనియా సంఘం అసలు క్రిస్మస్‌నే జనవరి 6న చేస్తుంది. రష్యా ఆర్థోడాక్స్ వారు 7న. అత్తగారింటికి ఒక సంప్రదాయం, అమ్మగారింటికి ఒక సంప్రదాయం అని పంచేయండి. గొడవే ఉండదు.

డిసెంబరు_దిగులు
మా అత్తగారికి అర్మేనియా ఎక్కడుందో నేను చెప్పాలి, ఆ తరువాత నేను అక్కడికే పారిపోవాలి.

ఒంటికాయ_సొంఠికొమ్ము
మీరందరూ బంధువులు ఎక్కువై బాధపడుతున్నారు. నా సంగతి వేరు. ఉద్యోగం కోసం దూరంగా ఉంటున్నాను, ఒంటరిగా. పండుగ రోజు భోజనానికి పిలిచేవారు ఉన్నారు, కాదనను. కానీ వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ పెళ్ళి ప్రశ్న, ఆ తరువాత జాలి చూపు. పోయిన ఏడాది ఆహ్వానాలన్నిటికీ వేరేచోటికి వెళుతున్నానని చెప్పి, ఉదయం ఆరాధనకు వెళ్ళివచ్చి, తలుపు వేసుకుని రోజంతా చదువుకున్నాను. అంత మంచి క్రిస్మస్ ఎప్పుడూ గడపలేదు. అది బయటికి చెబితే జాలి ఇంకా పెరుగుతుందని ఇక్కడ రాస్తున్నాను.

గంటల_మోత
మత్తయి రెండో అధ్యాయం చూడండి. జ్ఞానులు మళ్ళీ హేరోదు దగ్గరకు వెళ్ళకుండా వేరే దారిన తమ దేశానికి వెళ్ళిపోయారు. ఇష్టం లేని ఇంటికి వెళ్ళకుండా వేరే దారి పట్టడం వాక్యానుసారమే.

పాస్టరుగారి_అమ్మాయి
ఇది నాన్నకు చూపిస్తున్నాను. వచ్చే ఆదివారం ప్రసంగంలో వినిపిస్తే మీదే బాధ్యత.

ఏటి_గట్టు
ఒంటికాయ గారు చెప్పింది కొంతవరకు నిజమే, కానీ ఒంటరితనం అందరికీ విశ్రాంతి కాదు. మా అమ్మ పోయిన తరువాత వచ్చిన మొదటి క్రిస్మస్‌కు అందరూ "అమ్మ ఉంటే ఇలా ఏడవనిచ్చేదా" అంటూ నన్ను నవ్వించాలని చూశారు. వారి ఉద్దేశం మంచిదే. నాకు మాత్రం ఎక్కడైనా కాసేపు నవ్వకుండా కూర్చునే చోటు కావాలనిపించింది. కొన్ని సంఘాల్లో డిసెంబరు 21 ప్రాంతంలో, ఏడాదిలో అతి పొడవైన రాత్రి, దుఃఖంలో ఉన్నవారికోసం ప్రత్యేక ఆరాధన పెడతారు. నీలి క్రిస్మస్ అంటారు. ఆర్భాటం ఉండదు, ఉత్సాహంగా ఉండాలన్న ఒత్తిడి ఉండదు. నేను వెళ్ళాను. పక్కన కూర్చున్నావిడ ఎవరో తెలియదు, ఇద్దరమూ ఏడ్చాము, ఒకరి పేరు ఒకరు అడగకుండానే బయటికి వచ్చేశాము.

తోడికోడలు_రెండు
ఏటి_గట్టు గారూ, మా ఇంట్లోనూ ఈ ఏడాది ఒకరు తగ్గారు. ఇలాంటి ఆరాధన ఉంటుందని తెలియదు. మా సంఘంలో అడిగి చూస్తాను.

లెక్కల_మాస్టారు
పండుగ రోజుల్లో ఆత్మహత్యలు పెరుగుతాయని ఏటా పత్రికల్లో కనిపిస్తుంటుంది. అమెరికా గణాంకాల ప్రకారం అది అపోహ. సాధారణంగా అతి తక్కువ నమోదయ్యే నెలల్లో డిసెంబరు ఒకటి. దుఃఖం లేదని కాదు, ఎవరైనా బాధలో ఉంటే ఏ నెలలోనైనా పలకరించాలి. కానీ ఈ పుకారుతో భయపెట్టవద్దు.

గుండె విషయం మాత్రం నిజం. స్వీడన్‌లో 1998 నుంచి 2013 దాకా నమోదైన 2,83,014 గుండెపోట్లను పరిశీలించారు. అక్కడ అసలు వేడుక జరిగే డిసెంబరు 24న గుండెపోట్లు మామూలు రోజులకన్నా 37 శాతం ఎక్కువ. అన్నిటికన్నా ఎక్కువగా రాత్రి పది గంటల ప్రాంతంలో. 75 ఏళ్ళు దాటినవారికి, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. ఈస్టరుకు ఇలాంటి పెరుగుదల కనిపించలేదు.

రాత్రి_విధులు
నర్సును. గణాంకాలు నాకు తెలియవు గానీ పండుగ రాత్రి అత్యవసర విభాగం ఎలా ఉంటుందో తెలుసు. ఛాతీలో నొప్పి మధ్యాహ్నమే మొదలై ఉంటుంది. "అందరూ వచ్చారు కదా, ఎందుకులే పాడుచేయడం" అని పెద్దాయన రాత్రి దాకా ఓర్చుకుంటాడు. ఇది దయచేసి మీ ఇళ్ళలో చెప్పండి. నొప్పి వస్తే పండుగైనా సరే వెంటనే రావాలి, మేము అక్కడే ఉంటాము. నిజానికి పండుగ రోజు విధులు నేను అడిగి వేయించుకుంటాను. పిల్లలున్న సహోద్యోగులు దీవిస్తారు, అత్తగారింట్లో ఎవరూ నిష్ఠూరమాడలేరు.

డిసెంబరు_దిగులు
నర్సింగు చదవడానికి నాకు వయసు దాటిపోయిందా?

సగం_సెలవు
విడాకులైనవారి సంగతి ఎవరూ ఎత్తలేదు. మా పాప ఒక ఏడాది నాతో, ఒక ఏడాది వాళ్ళ నాన్నతో. అందరూ "రెండు పండుగలు, రెండింతల కానుకలు, అదృష్టవంతురాలు" అంటారు. నిజం ఏమిటంటే మేమిద్దరమూ పోటీపడి కొన్నాము. ఆయన సైకిలు కొంటే నేను అంతకన్నా పెద్దది ఏదో కొనాలి. చివరికి పాపే అడిగింది, "నేను ఎవరి దగ్గర ఎక్కువ సంతోషపడాలి?" అని. ఆ తరువాత ఇద్దరమూ మాట్లాడుకుని, పెద్ద కానుక ఒక్కటే, ఇద్దరి పేరు మీద అని ఒప్పందానికి వచ్చాము. విడాకుల తరువాత మేము గొడవ లేకుండా ఒప్పుకున్నది ఇదొక్కటే అనుకుంటాను.

అటూ_ఇటూ
పిల్లల విషయంలో నాకు క్రిస్మస్ తాతతోనే పేచీ. నా భార్య క్రైస్తవురాలు, నేను కాదు. పండుగ అంటే నాకు అభ్యంతరం లేదు, ఇష్టమే. కానీ "మంచిగా ఉంటేనే తాత కానుక తెస్తాడు" అని బెదిరించడం నచ్చదు. మా అబ్బాయి స్నేహితుడికి పెద్ద కానుక ఏదీ రాలేదు, వాళ్ళ నాన్నకు పని పోయింది. "వాడు నాకన్నా మంచివాడు కదా, తాతకు తెలియదా?" అని మావాడు అడిగాడు. ఏమి చెప్పాలి? ఇప్పుడు మా ఇంట్లో తాత చిన్నవే తెస్తాడు. పెద్దవి కొనేది అమ్మానాన్నలు. అయినా ఆ ఎర్ర చొక్కా తాత కోకాకోలా కంపెనీ సృష్టి కదా?

పాత_పుటలు
ఇది వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను. కాదు. కోకాకోలా ప్రకటనలకు హాడన్ సండ్‌బ్లోమ్ బొమ్మలు గీయడం మొదలుపెట్టింది 1931లో. థామస్ నాస్ట్ అనే వ్యంగ్య చిత్రకారుడు 1863 నుంచే గడ్డం, బొజ్జ ఉన్న తాతను పత్రికలో గీస్తూ వచ్చాడు. ఎర్ర దుస్తులూ కోలా ప్రకటనలకన్నా ముందువే. కంపెనీ చేసింది ఆ రూపాన్ని ఊరూరా పాతుకుపోయేలా చేయడం. అసలు మూలపురుషుడు నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలోని మైరా పట్టణంలో బిషప్పుగా ఉన్న నికొలస్. కట్నం లేక కూతుళ్ళ పెళ్ళి చేయలేని పేద తండ్రి ఇంట్లోకి రాత్రిపూట రహస్యంగా డబ్బు మూటలు వేశాడని కథ. పిల్లల నడవడిక గురించి ఆయన ఆరా తీసినట్టు ఆ కథలో లేదు.

వెలుగుల_వెర్రి
మొత్తానికి అందరూ కలిసి తాతను కూడా ఉతికి ఆరేశారు. నేను దీపాలు వెలిగించుకుంటాను.

ఒంటికాయ_సొంఠికొమ్ము
వెలుగుల_వెర్రి గారూ, ఒక్క ప్రశ్న, తప్పుగా అనుకోకండి. మీ ఇంట్లో ఆ దీపాలు కట్టేది, జనవరిలో విప్పేది, వంట చేసేది, కానుకలకు కాగితం చుట్టేది ఎవరు?

వెలుగుల_వెర్రి
దీపాలు నేనే. విప్పేదీ నేనే, ఫిబ్రవరిలో. వంట మా ఆవిడ. కాగితం కూడా ఆవిడే. మీరు ఎటు వెళుతున్నారో అర్థమైంది.

తోడికోడలు_రెండు
అక్కడే ఉంది కిటుకంతా. డిసెంబరు_దిగులు గారి జాబితా కూడా ఆమె ఫోనులోనే ఉంది, వారి ఆయన ఫోనులో లేదు. ఆయన అక్కచెల్లెళ్ళ పిల్లలకు ఏమి కొనాలో ఈమె ఎందుకు తల బద్దలుకొట్టుకోవాలి? అందుకే నా సలహా ఇది. మీరు చెప్పకండి, ఆయనతో చెప్పించండి. ఇలాంటి మాట కోడలు చెబితే పిసినారితనం, కొడుకు చెబితే సంస్కరణ. మా ఇంట్లో మా మరిది "ఇకనుంచి పిల్లలకు మాత్రమే, పెద్దలకు వద్దు" అన్నాడు. అందరూ అతని ఆలోచనను మెచ్చుకున్నారు. అదే మాట అంతకుముందు ఏడాది నేను అంటే గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకొకటి, డిసెంబరులో చెప్పకండి. అప్పటికి సగం మంది కొనేసి ఉంటారు, నొచ్చుకుంటారు. ఎవరి మనసులోనూ పండుగ లేని నెలలో చెప్పాలి.

సగం_సెలవు
కొనడం మొదలుకాకముందే అన్నది చాలా ముఖ్యం. ఒకసారి వస్తువు ఇంటికి వచ్చిందంటే దానికి సమానంగా ఇవ్వక తప్పదు.

డిసెంబరు_దిగులు
అన్నీ చదివాను. మా ఆయనకు వినిపించాను కూడా. "నేను చెబితే సంస్కరణా?" అని కాసేపు మురిసిపోయి, నిజంగానే వాళ్ళ చెల్లెలికి ఫోను చేశారు. పిల్లలకు తలా ఒకటి, పెద్దలకు చీటీలు వేసి ఎవరి పేరు వస్తే వారికి ఒక్కరికే కానుక అని. ఆమె వెంటనే "హమ్మయ్య" అంది, నాకు వినిపించేంత గట్టిగా. అత్తగారికి ఇంకా చెప్పలేదు, ఆ పని ఆయనకే వదిలేశాను. పండుగ ఎవరి ఇంట్లో అన్నది మాత్రం తేలలేదు. 25 తరువాతకు జరిపే ఆలోచన మా అమ్మకు చెబితే "నీ ఇష్టం" అన్నది. ఆ "నీ ఇష్టం" సంగతి మీ అందరికీ తెలిసే ఉంటుంది.

చీటీలు ఎలా వేయాలో ఎవరైనా చెబుతారా? పెద్దలం పదకొండు మందిమి. ఎవరి పేరు వారికే వస్తే ఎలా?

లెక్కల_మాస్టారు
పేర్లు డబ్బాలో వేసి తీస్తే, ఎవరికీ సొంత పేరు రాకుండా ఉండే అవకాశం దాదాపు 37 శాతమే. పదిమంది అయినా వందమంది అయినా ఇంచుమించు అంతే, అది గణితంలో ఒక వింత. అంటే మూడింట రెండుసార్లు దాకా మళ్ళీ మొదటినుంచి తీయాల్సి వస్తుంది. అందుకని చీటీలు బాగా కలిపి వరుసగా గుండ్రంగా పేర్చండి. ప్రతివారూ తమ తరువాతి పేరువారికి ఇవ్వాలి. సొంత పేరు వచ్చే ప్రసక్తే లేదు.

గంటల_మోత
గుండెపోటుకు 37, చీటీకి 37. మాస్టారి దగ్గర ఒకటే అంకె ఉన్నట్టుంది.

రాత్రి_విధులు
గుండ్రంగా పేర్చినవారికి మిగతా అందరి రహస్యాలూ తెలిసిపోవా?

లెక్కల_మాస్టారు
తెలిసిపోతాయి. కానుక అక్కరలేని మనిషితో పేర్పించండి.

డిసెంబరు_దిగులు
మా మామగారు. ఏమి ఇచ్చినా "ఇది ఎందుకు" అంటారు. ఖాయం చేశాను.